రింగు కింద చోటు

నా గేమ్ కంట్రోలర్ చేతుల్లో కాస్త వెచ్చబడగానే నొప్పుల బామ్ వాసన వేస్తుంది. కర్పూరమూ పుదీనా కలిసిన ఘాటు. మొదట్లో తడిబట్టతో తుడిచాను, పోలేదు. ఆ తర్వాత తుడవడం మానేశాను. అది ప్రమీల మేడమ్ బొటనవేళ్ల వాసన. దేశం దాటి వచ్చి మేముంటున్న ఈ నోవైలో మంచు కరిగి రోడ్డు పక్కన నల్లటి బురదగా మిగిలిన ఈ రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, నేను టీవీ ముందు కూర్చుని ఆన్‌లైన్‌లో వీధి బాస్కెట్‌బాల్ ఆడతాను. యాభైకి దగ్గరపడిన ఆడమనిషికి ఇదేం పని అని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. నేనూ ఒకప్పుడు నవ్వాను, అదీ ఆవిడ ముఖం మీదే.

ఎవరింట్లోనో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. భోజనాలయ్యాక పిల్లలు బేస్‌మెంట్‌లో ఒకటే అరుపులు. గదమాయిద్దామని దిగాను. సోఫా మధ్యలో, నలుగురు పిల్లల నడుమ, నేత చీర కట్టుకుని తల నెరిసిన ఒక పెద్దావిడ కంట్రోలర్ పట్టుకుని కూర్చుని ఉంది. మా వీధిలో ఎదురు వరసలో ఒంటరిగా ఉంటారని తెలుసు గాని, మాట్లాడింది లేదు. హనుమకొండలో ఆటల టీచర్‌గా చేసి, భర్త కార్ల కంపెనీ ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చి, ఆయన పోయాక ఇక్కడే ఉండిపోయిన మనిషి. పెద్దలకు మేడమ్, పిల్లలకు కోచ్ ఆంటీ.

"ఈ వయసులో ఇదేమిటి మేడమ్?" అన్నాను నవ్వుతూ.

ఆవిడ తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. "మోకాళ్లు రెండూ మార్పిచ్చిన. బొటనవేళ్లు ఇంకా ఒరిజినలే. ఆడొద్దా మరి?"

పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్లలో మా మేఘన కూడా ఉంది. దాన్ని అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో నాకు గుర్తు రాలేదు. అప్పుడు అది హైస్కూల్ చివరి ఏడాది. ఇంట్లో మా మాటలన్నీ ప్రశ్నతో మొదలై తలుపు చప్పుడుతో ముగిసేవి. "అమ్మా, స్టాప్. నువ్వు వినవు, జస్ట్ ఆర్గ్యూ చేస్తావ్," అనేది. వినకుండా ఆర్గ్యూ ఎలా చేస్తారో చెప్పమని దాంతో వాదించేదాన్ని. ఆగస్టు వస్తే కాలేజీకి వెళ్లిపోతుంది. ఇలాగే వెళ్తే ఇక పండగలకు మాత్రమే ఫోన్ చేసే కూతురవుతుందని నాకు లోపల భయం పట్టుకుంది. పాట్‌లక్ నుంచి కలిసి ఇంటికి నడుస్తూ ఆ మాట మేడమ్‌తో అనేశాను. ఎందుకన్నానో తెలియదు.

"రోజూ స్కూల్ నుంచి వచ్చి ఆ గేమే ఆడుతది గద. నువ్వూ నేర్చుకో," అన్నారావిడ. అంత తేలిగ్గా.

సరే, నేర్చుకుందాం, ఇందులో ఏముందనుకున్నాను. ఇంజనీరింగ్ చదివినదాన్ని. మర్నాడు సాయంత్రం ఆవిడ ఇంట్లో గేమ్ తెరిచి, ముందుగా వచ్చే శిక్షణ పాఠాన్ని దాటేశాను. ముగ్గురు ఒక వైపు, ముగ్గురు ఒక వైపు, రెండు జట్లకూ బంతి వేయడానికి ఒకటే రింగు. మిగతావాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆన్‌లైన్‌లో కలిసే అపరిచితులు. మొదట మనకొక బొమ్మ మనిషిని తయారుచేసుకుని, దూరం నుంచి బంతి వేసేవాడా, రింగు కింద నిలబడే సెంటరా తేల్చుకోవాలి. ఒకసారి తేల్చుకున్నాక ఆ బొమ్మకు స్థానం మారదు. నేనేం ఎంచుకుని ఉంటానో చెప్పనక్కర్లేదు. ఎర్ర బూట్లు తొడిగిన షూటర్‌ని. బంతి చేతికి రాగానే విసిరాను. రాకపోతే 'నాకివ్వు' అనే బటన్ నొక్కుతూనే ఉన్నాను. ఆట సగంలో ఉండగానే నా జట్టులోని ఇద్దరూ వెళ్లిపోయారు. తెర మీద నేను, నా ఎర్ర బూట్లు మిగిలాం.

"వీళ్లకు మర్యాద లేదు," అన్నాను.

"ఉన్నది కాబట్టే తిట్టకుండ పోయిన్రు," అన్నారు మేడమ్, బొటనవేళ్లకు బామ్ రాసుకుంటూ. "ఆ బొమ్మను తీసెయ్, అరుణా. సెంటర్‌ని చెయ్. మీ బిడ్డ షూటరు. ఇంట్ల ఇద్దరు షూటర్లుంటే బంతి ఎవరు పట్టాలె?"

నాకు మండింది. "అంటే వాళ్లు వేసినవి తప్పిపోతే నేను కింద నిలబడి ఏరుకోవాలా? ఇంట్లో ఏరేది చాలదా మేడమ్? ఆటలోనూ అమ్మ పనేనా?"

ఆవిడ చాలాసేపు నవ్వారు. "ఏరుడు కాదమ్మా. తప్పిన బంతి నీ చేతికొస్తేనే ఆట మళ్ల షురూ అయితది. లేకపోతే అవతలోళ్లు ఎత్తుకపోతరు." కంట్రోలర్ నా చేతిలో పెట్టి, "బంతి దొరకంగనే ఎగబడకు. పట్టుకో. ఎవరు ఖాళీగున్నరో చూడు. అప్పుడియ్యి," అన్నారు.

ఆటలోంచి జీవితానికి పాఠాలు పిండేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మేడమ్ కూడా అలాంటి పాఠమేదీ చెప్పలేదు. ఆవిడకు ఆట అంటే ఆటే. నిలబడే తీరు, భుజం అడ్డం పెట్టే తీరు, బంతి రింగుకు తగిలి ఏ పక్కకు పడుతుందో ముందే కనిపెట్టడం. తెర మీద బొమ్మ కదులుతుంటే ఆవిడ కాలి వేళ్లు చెప్పుల్లో కదిలేవి. ఆ చలికాలమంతా ఆఫీస్ అవగానే ఆవిడ ఇంటికి వెళ్లాను. టీ ఇచ్చేవారు, నా ఆటను ఎద్దేవా చేసేవారు. నేను ఎదురు చెప్పినప్పుడల్లా, "వాదించు, వాదించు. బంతి అటు పోతున్నది," అనేవారు. మా వీధిలో నా నోటికి జంకని మనిషి ఆవిడ ఒక్కతే.

ఒక శనివారం పొద్దున మేఘన ఆడుతుంటే పక్కన కూర్చుని, "నీ జట్టులో సెంటర్ కావాలా?" అని అడిగాను. అది నమ్మలేదు. అయినా నాతో ఒక ఆట ఆడింది. దాని మొదటి షాట్ తప్పిపోయింది. నేను పట్టి, ఆగి, తిరిగి దానికే ఇచ్చాను. ఈసారి పడింది.

"అమ్మా! వాట్! ఎవరు నేర్పారు నీకు?"

"కోచ్ ఆంటీ."

"దట్స్ సో అన్‌ఫెయిర్," అని నవ్వింది. ఆ తర్వాత ఆటల మధ్య విరామాల్లో ఒక్కో మాట రాసాగింది: స్కూల్లో ఎవరో ఏమన్నారని, ఏ కాలేజీ అంటే భయంగా ఉందని. నేను తెర వంకే చూస్తూ విన్నాను. మాట్లాడే మనిషి ముఖంలోకి చూడకుండా వినడం ఇంత సుఖంగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

జట్టుకు ముగ్గురే. మూడో చోటు మేఘన స్నేహితురాలిది. అందుకని మేడమ్ మా ఇంటికొచ్చినా సోఫా చివర కూర్చుని చూసేవారు. "ఒకరోజు మనం ముగ్గురం ఆడదాం ఆంటీ," అనేది మేఘన. "నేనెక్కడికి పోత బిడ్డా, ఆడదాం," అనేవారావిడ. వేసవి వెళ్లింది. మేఘన కాలేజీకి వెళ్లింది. డిసెంబర్ సెలవులకు వస్తుంది, ఆ ఆదివారం ముగ్గురం కూర్చుందాం అనుకున్నాం. జట్టుకు పేరు కూడా పెట్టారు మేడమ్: హనుమకొండ. నేను ఒప్పుకోలేదు. మా ఊరు బాపట్ల ఏం పాపం చేసిందని గొడవపడ్డాను.

ఆ ఆదివారానికి ముందే, చెత్త డబ్బా రోడ్డు దాకా లాక్కెళ్తూ మేడమ్ మంచు మీద జారారు. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక, మళ్లీ నడిచేదాకా ఉంచే రిహాబ్ సెంటర్‌లో పెట్టారు. మేఘనా నేనూ గేమ్ పెట్టె సంచిలో వేసుకుని వెళ్లాం. గదిలో టీవీకి తగిలించాం. మేడమ్ దిండుకు ఆనుకుని, కంట్రోలర్ ఒడిలో పెట్టుకుని సిద్ధమయ్యారు. అక్కడి వైఫై గేమ్‌ను తెరవనివ్వలేదు. నేను రిసెప్షన్‌కి వెళ్లాను. అడిగాను, బతిమాలాను, చివరికి గట్టిగా అరిచాను. ఇన్నేళ్లు నన్ను కాపాడిన నోరు అక్కడ ఎందుకూ పనికిరాలేదు. తిరిగొచ్చేసరికి మేడమ్ ఆరిపోయిన తెర ముందు మేఘనకు చేతులతో చూపిస్తున్నారు, భుజం ఎలా అడ్డం పెట్టాలో.

"పోనీయ్ అరుణా. వాళ్లేం జేస్తరు? ఇంటికొచ్చినంక ఆడదాం."

మేఘన సెలవులు అయిపోయాయి. మేడమ్‌కు న్యుమోనియా వచ్చింది. ఇంటికి రాలేదు. ఆవిడ మేనకోడలు వచ్చి ఇల్లు ఖాళీ చేస్తూ, అరుణకివ్వమన్నారని ఈ కంట్రోలర్ ఇచ్చి వెళ్లింది. ఒక్క ఆట. పావుగంట కూడా పట్టదు. వేసవిలో ఏ రోజైనా ఆ స్నేహితురాలిని, ఈ పూట నీ చోటు మేడమ్‌కివ్వమ్మా అనవలసింది. రోజులున్నాయి కదా అనుకున్నాం అందరమూ.

ఇప్పుడు ఆదివారాలు మేఘన హాస్టల్ గదిలోంచి, నేను ఇక్కడి నుంచి ఆడతాం. మూడో చోటులోకి గేమ్ ఎవరినో పంపిస్తుంది. జట్టు పేరు హనుమకొండ. పోయిన వారం ఆట మధ్యలో హెడ్‌సెట్‌లో దాని గొంతు వినిపించింది. "అమ్మా, ఐ వాంట్ టు డ్రాప్ ప్రీ-మెడ్. ప్లీజ్, ఇమ్మీడియట్‌గా ఏం అనకు."

డాక్టరు కావడానికి ముందు చదివే చదువు, మానేస్తానంటోంది. నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. మంచి మాట, పదునైనది, తప్పక తగిలేది. అరచేతుల్లోంచి బామ్ వాసన వస్తోంది. తెర మీద బంతి రింగుకు తగిలి నా చేతికే వచ్చింది. పట్టుకున్నాను.

"చెప్పు," అన్నాను. "వింటున్నాను."