పెంగ్విన్ల కాడికి రెండు సీట్లు

జమ్మలమడుగులో నేను ముప్ఫై ఏళ్లు సోషల్ టీచరుగా పనిచేశాను. ప్రతి ఏడూ గోడకు దక్షిణ అమెరికా పటం తగిలించి, బెత్తంతో దాని కింది కొస చూపించి, "ఇక్కడ పెంగ్విన్లు ఉంటాయి" అని చెప్పేదాన్ని. ఒక ఏడు ముందు బెంచీలో అమ్మాయి లేచి, "మేడమ్, మీరు చూసినారా?" అని అడిగింది. లేదన్నాను. క్లాసంతా నవ్వింది. పిల్లల నవ్వే, తప్పేం లేదు, కానీ నాకది ముల్లయి దిగబడింది. రిటైరైన రోజు సాయంత్రమే మా ఆయనతో చెప్పేశాను: "నాకు నగలొద్దు, స్థలాలొద్దు. పెంగ్విన్లను చూపియ్యి చాలు." మా ఆయనది ప్రొద్దుటూరులో గుడ్డల అంగడి. నగలొద్దన్న పెళ్లాన్ని చూసి ముందు మురిసిపోయాడు. తర్వాత ఓడ టికెట్టు ధర విని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

వీసాలకే మూడు నెలలు పట్టింది. బెంగళూరులో విమానమెక్కి, రెండు చోట్ల మారి, బ్యూనస్ ఎయిరిస్ చేరాం. అక్కడినుంచి చిలీ దాకా పద్నాలుగు రోజులు ఓడ మీద. ఇలాంటి ప్రయాణం అనుకుంటున్నవాళ్లు మొదట తెలుసుకోవలసింది ఒకటుంది. ఓడ టికెట్టులో పడకా తిండీ వచ్చేస్తాయి గానీ, ప్రతి రేవులో దిగి ఊరు చూడ్డానికయ్యే ఖర్చు మనదే. ఓడవాళ్లే టూర్లు అమ్ముతారు. పెంగ్విన్లుండే పుంతా తోంబోకి మనిషికి రెండు వందల పది డాలర్లన్నారు, అంటే ఇద్దరికి నాలుగు వందల ఇరవై. నలభైమందితో బస్సు. పైగా నాది అరిగిపోయిన మోకాలు, గైడు జెండా ఎత్తుకొని ముందు పోతుంటే నేను ఉరకలేను. రేవు గేటు బయట బాడుగ బండ్లు ఉంటాయని, సగం ధరకే వస్తాయని ఓడలో అందరూ చెప్పారు. అందులో చిక్కు ఒకటే. ఓడవాళ్ల టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మన సొంత బండి ఆలస్యమైతే ఆగదు, మనల్ని వదిలేసి పోతుంది.

ప్వెర్తో మద్రిన్ అనే ఆ రేవులో ఓడ పొద్దున ఎనిమిదికి ఆగింది. సాయంత్రం ఐదున్నరలోపు అందరూ మళ్లీ ఎక్కాలి. పెంగ్విన్లు నూట ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి, పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర. ఈ ప్రయాణం మొత్తంలో పెంగ్విన్లు దొరికేది నాకు ఈ ఒక్క రేవులోనే. తొమ్మిదికి పది నిమిషాలుండగా గేటు బయటికొచ్చాం. ఒక తెల్ల వ్యాను పక్కన యాభై దాటిన మనిషి నిలబడున్నాడు. పేరు ఓస్వాల్డో. ఇంగ్లీషు బాగానే మాట్లాడాడు. బండి మొత్తానికి మూడు వందల డాలర్లు, ఆరుగురు కూచోవచ్చు, ఎంతమంది ఎక్కినా అదే ధర అన్నాడు.

మా ఆయన "రెండు వందలు" అన్నాడు. ఓస్వాల్డో నవ్వి తల అడ్డంగా ఊపాడు. మా ఆయన అంతే, గిరుక్కున వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు.

ప్రొద్దుటూరు బజారులో ఎవరికైనా తెలిసిన ఆటే ఇది. ధర నచ్చకపోతే వెనక్కి తిరిగి నడవాలి. పదో అడుగులోపు అంగడాయన "రాప్పా, రా, నీ మాటే కానీ" అని పిలుస్తాడు. పిలిచేది ఆయన మర్యాద, పిలిపించుకునేది మన గొప్ప. మా ఆయన ఈ ఆటలో ఆరితేరినవాడు. నేను వెనకే పోయి, "యాడికి పోతాండావు? టైము లేదు, ఆ మూడొందలు ఇచ్చేద్దాం" అన్నాను.

"గమ్మునుండు. పిలుస్తాడు చూడు."

పది అడుగులయ్యాయి. పదిహేనయ్యాయి. ఇరవై అయ్యాయి. నేను తిరిగి చూశాను. ఓస్వాల్డో మా వైపు చూడనైనా చూడలేదు. మా ఓడలోంచే దిగిన ఒక ముసలి జర్మన్ జంట వచ్చి మాట్లాడితే, వాళ్లను బండెక్కిస్తున్నాడు. అక్కడి మనుషులకు మన ఆట తెలియదు. వద్దని వెళ్లిపోయినవాణ్ని వద్దనుకున్నవాడనే అనుకుంటారు. గేటు దగ్గర ఇంకో బండి లేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అన్నట్టయింది నా బతుకు. భూమికి ఈ కొస దాకా వచ్చి, మా ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఇంట్లోనూ ఇదే తంతు. మాట పట్టింపొస్తే చెప్పులేసుకొని వాకిలి దాటతాడు. "కూడు చల్లారిపోతాంది, రా" అని నేను పిలవాలి. ముప్ఫై ఆరేళ్లుగా పిలుస్తానే ఉన్నాను. ఆ పొద్దు మాత్రం నోరు రాలేదు. ఆయన్నక్కడే వదిలేసి, కుంటుకుంటూ వ్యాను కాడికి పోయాను.

వ్యానులో నాలుగు సీట్లు ఖాళీ. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరికి ఎన్నిసార్లు షేరు ఆటోలో పోలేదు నేను! "మాకు రెండు సీట్లిస్తారా? బాడుగలో సగం మేం పెట్టుకుంటాం" అని ఆ జర్మన్ ఆమెను అడిగాను. ఆమె మొగుడి మొహం చూసింది, ఇద్దరూ ఒకేసారి నవ్వారు. వాళ్లకూ లాభమే కదా. సగం అంటే నూట యాభై, మా ఆయన అడిగిన రెండు వందలకంటే యాభై తక్కువ. నేను ఎక్కి కిటికీ పక్కన కూచున్నాను. ఓస్వాల్డో దూరంగా వీపు తిప్పుకొని నిలబడ్డ మనిషిని చూపించి, "ఆయన వస్తారా?" అన్నాడు.

"ఆయనిష్టం" అన్నాను.

ఇంజను మోత విని మా ఆయన అప్పుడు తిరిగాడు, ఎవరూ పిలవకుండా, తనంతట తానే. నేను లోపల కూచొని ఉండడం చూసి, సంచి చంకన పెట్టుకొని ఉరికొచ్చాడు. ఆ పరుగు చూసి నాకు నవ్వొచ్చింది. ఎక్కి కూచొని, "ఒక మాట పిలవకూడదా?" అన్నాడు.

దారి పొడవునా ఏమీ లేదు. చెట్టు లేదు, ఊరు లేదు, ముళ్ల పొదలూ గాలీ తప్ప. గంట పోయాక మా ఆయన బయటికి చెయ్యి చూపించాడు. "ఇది మన ముద్దనూరు కాడ బీడు మాదిరే ఉండాదే. ఇన్ని దుడ్లు పెట్టి ఈడికి రావాల్నా?" నాకు కోపం సగం దిగిపోయింది, ఆ సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. చివర కంకరరోడ్డు మీద ఎగిరెగిరి, పన్నెండుకు పావుగంట ఉండగా చేరాం. లోపలికి టికెట్టు వేరే కొనాలి. క్యాంటీనులో మా ఆయన జున్ను పెట్టి కాల్చిన కజ్జికాయల్లాంటివి తీసుకొని, మొదటి పొట్లం ఓస్వాల్డో చేతిలో పెట్టాడు. బాడుగ బండిలో గండికోటకు పోయినా సరే, డ్రైవరు తినకుండా మేం ముద్ద ముట్టం. ఓస్వాల్డో ఆశ్చర్యపోయి, ఎప్పుడూ బండి కాడే ఆగేవాడట, ఆ రోజు మాతో లోపలికి నడిచాడు.

పెంగ్విన్లకోసం వెతకక్కర్లేదు. బాట మొదట్లోనే పొదల కింద బొరియల్లో ఉన్నాయి. మోకాలెత్తు ఉంటాయి. ఫిబ్రవరి నెల కాబట్టి పిల్లలు పెద్దవై, పాత బొచ్చు సగం ఊడి, సగం అంటుకొని ఉన్నాయి. అవి బాట దాటుతుంటే మనుషులు ఆగాలి, అక్కడి నియమం అది. ఒకటి నా చెప్పుల ముందుకొచ్చి నిలబడి, తల ఇటూ అటూ తిప్పి నన్ను చూసింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. "చూసినానమ్మా" అన్నాను పైకే, ఆ ముందు బెంచీ పిల్లకు వినబడాలన్నట్టు.

ఇంతలో ఒకటి బొరియ ముందు నిలబడి, ఎద ఎగరేసి, గాడిద ఓండ్రపెట్టినట్టు అరిచింది. "పెళ్లాం మొగుణ్ని పిలుస్తాందేమో. పెంగ్విన్లలో కూడా ఆడదానికే ఈ ఖర్మ" అన్నాను ఓస్వాల్డోతో ఇంగ్లీషులో. ఓస్వాల్డో నవ్వాడు. "లేదమ్మా, పిలిచేది మగది. ప్రతి ఏడూ ముందు అదే వస్తుంది, బొరియ బాగు చేస్తుంది, ఆడది వచ్చేదాకా నిలబడి పిలుస్తూనే ఉంటుంది." నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పెంగ్విన్ వైపు చూస్తున్నాడు.

ఒకటిన్నరకు బయల్దేరాం. నాలుగుకు రేవులో ఉండాలి గానీ, తోవలో రోడ్డు పనులని ఒక వరస మూసేశారు, గంట పైనే నిలబడిపోయాం. జర్మన్ ఆయన మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు. మా ఆయన మొహంలో రక్తం లేదు. గేటు కాడ దిగేసరికి ఐదు దాటి పది నిమిషాలు. అక్కడినుంచి సముద్రంలోకి పొడుగ్గా కట్టిన రేవు కట్ట మీద నడిచి పోవాలి, ఓడ ఆ చివరెక్కడో ఉంది. జర్మన్లు ముందు పోయారు. ఎదురుగాలి నెట్టేస్తోంది, నా మోకాలు వంగనంటోంది. మా ఆయన బజారులో నడిచినట్టే నాకు పదడుగులు ముందున్నాడు. ఇంక నావల్ల కాదని కమ్మీ పట్టుకొని నిలబడిపోయాను.

ఆయన ఆగాడు. వెనక్కి తిరిగాడు. "సరోజా, రా! నేనీడే నిలబడుకోనుండాను, రా" అని ఆ గాలిలో గొంతు చించుకొని పిలిచాడు. అంతటితో ఆగక, ఆ పదడుగులూ వెనక్కి నడిచొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఐదూ ఇరవై ఏడుకు ఓడెక్కాం.

ఓడవాళ్ల టూరుకు పోయుంటే గుండె అదరకుండా అవే పెంగ్విన్లను చూసేదాన్ని, నిజమే. రెండున్నర గంటల దూరం పెట్టుకొని సొంత బండిలో పోవడం ఎంత ప్రమాదమో తెలిసొచ్చింది, మళ్లీ పోతే గంట ముందే వెనక్కి బయల్దేరతాను. డబ్బు మిగిలింది, ఆ సంగతి మా ఆయన ఇప్పుడు అంగడికొచ్చే వాళ్లందరికీ చెప్పుకుంటాడు. నాకు మిగిలింది మాత్రం ఆ కట్ట మీది పిలుపు. మాటపట్టింపులు ఇప్పటికీ వస్తాయి, చెప్పులేసుకొని వాకిలీ దాటతాడు. కానీ కాసేపటికి బయటినుంచే, "సరోజా, కూడు పెట్టుకున్నావా?" అని తనే అడుగుతాడు.

పోయేవాళ్లకు ఒక్క మాట. రేవు గేటు కాడ బండి ఖాళీ సీట్లతో పోతుంటే సీటు అడగండి, సిగ్గుపడొద్దు. ధర నచ్చకపోతే నిలబడే మాట్లాడుకోండి. వెనక్కి తిరిగి మాత్రం నడవొద్దు, అక్కడెవరూ పిలవరు.