పసుపు రాని ఈస్ట్ చుక్క

ఆ మధ్యాహ్నం ల్యాబులో ఉన్నవారు, ఉన్నవి: నేను, విడవలూరు నుంచి బస్సులో వచ్చిన రమణమ్మక్క, ఆమె ఇచ్చిన వడ్లు ఉప్పుకు ఆగుతాయో లేదో చూడటానికి మొలిపించిన పన్నెండు మొలకలు, ఉప్పు కలిపిన ఊదారంగు అగర్ జెల్లీ పళ్ళేలు నాలుగు, ఒక్కో పళ్ళెం అంచున ఒక్కో ఈస్ట్ చుక్క. నాలుగేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఆ చుక్కలదే.

మీకు అర్థమయ్యేలా చెబుతాను. వేరు కణం పైపొరలో ఒక ఎంజైమ్ ఉంటుంది. అది కణంలోని శక్తిని ఖర్చుచేసి ప్రోటాన్లను బయటికి తోడుతుంది. బయట పులుపెక్కుతుంది, అగర్‌లో కలిపిన ఊదారంగు పసుపుకు మారుతుంది. లోపలికి చొరబడిన ఉప్పును కణం వెళ్ళగొట్టేది ఆ తోడటం ఇచ్చిన బలంతోనే. ఈస్ట్ కణంలోనూ ఇదే జాతి ఎంజైమ్ ఉంది. చక్కెర అందితే చాలు, తోడుతుంది. అందుకే దాన్ని సాక్షిగా పెడతాం. ఈస్ట్ చుట్టూ కూడా పసుపు రాకపోతే తప్పు పళ్ళెంలో ఉన్నట్టు.

వేళ్ళ చుట్టూ పసుపు రాలేదు. ఈస్ట్ చుట్టూ కూడా రాలేదు. చూశాను. ఈస్ట్ పాతదేమో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా, లేక నివేదిక సాయంత్రానికి పంపాలి కనుక అనుకోవడం సులువైందా? నివేదికలో పెట్టే ఫోటోలో ఈస్ట్ చుక్కలున్న అంచులు కత్తిరించాను.

"మీ వడ్లు ఉప్పుకు ఆగలేదక్కా," అన్నాను.

"మా మామ కాలం నుంచి ఉప్పుచేలోనే పండతా ఉండాయే. మా చేను కన్నా నీ పళ్ళెం ఉప్పగా ఉండాదా అబ్బయ్యా?"

"పరీక్షలో అట్టా వచ్చిందక్కా."

"సదువుకున్నోడివి, నీకు తెలవదా. ఇంకా ఈ విత్తనం దాచి ఏం లాభం? మిల్లులో ఆడిచ్చి తినేస్తాం."

వారం తరువాత, ఆ పళ్ళేలకు వాడిన అగర్ సీసా మీద నా చేతిరాతే కనిపించింది: బఫర్. అంటే పులుపును మింగేసే మందు. ఎన్ని ప్రోటాన్లు తోడినా ఆ అగర్ రంగు మారదు. మిగిలిన గింజలతో, బఫర్ లేని అగర్‌లో మళ్ళీ పరీక్షించాను. ఫలితం చూశాక ఒక్క ఫోను చేసి ఉంటే ఆమె వడ్లు అప్పటికింకా మిల్లుకు వెళ్ళకపోయి ఉండవచ్చు. చెయ్యలేదు. ఆ మొలకలను కుండీలో నాటినా కొద్దిగా విత్తనం మిగిలేది. ల్యాబు చెత్తను పారేసేముందు ఉడికించినట్టే వాటినీ ఉడికించి పారేశాను. పొరపాటు బఫర్‌తో మొదలైంది, కానీ ఇది పొరపాటు కాదు. తెలిసి చేశాను.

మరుసటి ఏడు ఆమె కొత్త విత్తనంతో నారు పోసింది. నాట్లేసిన నెలకే పైరు ఉప్పుకు మాడిపోయింది. ఇప్పుడా చేను బీడు. ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదని విచారించి తెలుసుకున్నాను.

క్షమించమని అడగడం లేదు. అడిగే హక్కు ఉంటే అది ఆమె ముందు, మీ ముందు కాదు. రాశాక మాత్రం ఊపిరి ఆడుతోంది.

రెండోసారి పరీక్షించిన గింజలు పది. పసుపు వచ్చినవి తొమ్మిది.