గౌరికి లేని చెల్లెలు

బేరిగై దగ్గర నేను పాఠాలు చెప్పే బడికి విదేశీ బడితో టీచర్ల మార్పిడి కుదిరింది. ముందుగా పిల్లలు ఉత్తరాలు పంపాలన్నారు. నాలుగో తరగతి గౌరి తమ ఇంటి పట్టుపురుగుల గురించి తెలుగులో రెండు పేజీలు రాసిచ్చింది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చే ఓపిక లేక, నడక నేర్చుకుంటున్న మా పాపను గౌరి చెల్లెలిగా చేసి, గౌరి పేరుతో నేనే ఒక ఉత్తరం రాసి పంపేశాను.

మొన్న ఆ విదేశీ బడి నుంచి వచ్చిన టీచరు, చెల్లెలికి ఇమ్మంటూ గౌరి చేతిలో చిన్న బూట్లు పెట్టింది. గౌరి నావైపు ఒకసారి చూసి, "థాంక్యూ మిస్" అంది.

ఆమె వెళ్లాక గౌరి బూట్లు నాకిచ్చింది.

"మా ఇంట్లో చిన్నబిడ్డలు ఎవురూ లేరు మిస్. మీ పాపకి ఏయండి. నేను పురుగుల గురించి రాసింటిని గదా, ఆడ ఏమన్నారు?"

చాలా బాగుందన్నారని మళ్లీ అబద్ధమాడాను. ఆ పిల్ల ఎంత మురిసిపోయిందో చూశాక, తరగతిలో తలెత్తలేకపోతున్నాను.