అరవడం మానేసిన బండి

మా నాన్న ఎవరేం చెప్పినా ముందు "ఆయ్" అనేవారు. మా కోనసీమలో అందరూ అంటారు గానీ ఆయన మరీ ఎక్కువ. బయటివాళ్లు ఆ మాట విని సరేనన్నారని అనుకుంటారు. సరే అని కాదు, విన్నానండీ అని దాని అర్థం. విన్నాక చెయ్యడం, చెయ్యకపోవడం తర్వాతి సంగతి. ఈ తేడా తెలియక మా అమ్మ పెళ్లయిన కొత్తలో చాలాసార్లు మోసపోయిందట.

నాన్న డ్రైవరు. రాజోలు దగ్గర రొయ్యల చెరువులున్న ఒక ఆసామి దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశారు. ఆయన్ని మా ఇంట్లో అందరం బాబుగారు అనేవాళ్లం. వెనక సీట్లోంచి బాబుగారు ఏదో చెప్పడం, ముందు సీట్లోంచి నాన్న "ఆయ్" అనడం, అలా మూడు బళ్లు పాతబడిపోయాయి. నాలుగోది రాజమండ్రి షోరూములో కొన్న ఖరీదైన విదేశీ బండి.

కొనే రోజున బాబుగారు నాన్నని కూడా తీసుకెళ్లారు. తిరిగొచ్చి నాన్న అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆ బండి గురించి చెప్పారు. లోపల టీవీ అంత తెర ఉందట. తలుపులకి రంగురంగుల దీపాలట. సీటు నడుం పిసుకుతుందట. ముందూ వెనకా పక్కలా ఏముందో బండే చూసుకుని చెబుతుందట. బాబుగారు అంతా ఓపిగ్గా విని, అమ్మే ఆయన్ని ఒక్కటే అడిగారట.

"బండి బాగుందండి. ఇయ్యన్నీ తగ్గించి ఇవ్వరా?"

"అలా రాదండి. ఇంత పెద్ద బండికి ఇవన్నీ ఉండాల్సిందేనండి."

"నాక్కావాల్సింది మెత్తటి సీటూ, చల్లటి ఏసీనండి."

"అవి కూడా ఉన్నాయండి" అన్నాడట ఆయన.

ఈ మాట నేను పనిచేసే చోట చాలామందికి చెప్పి నవ్వించాను. నేను అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెబుతాను. డబ్బున్నవాళ్ల బళ్లలో ఈ హంగులు సగానికి సగం తగ్గిస్తే బండికీ సుఖం, నడిపేవాడికీ సుఖం అని అప్పట్లో ఎవరడిగినా అడక్కపోయినా చెబుతుండేదాన్ని.

ఆ బండి ఏ దేశంలో తయారైందో గానీ, మా కాలవగట్టు రోడ్లు చూసి మాత్రం తయారుచేసింది కాదు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరిచెట్లు. మధ్యలో ఒక బండి పట్టేంత దారి. ఆ దారిలోనే సైకిళ్లు, గేదెలు, దింపిన కొబ్బరికాయల రాశులు, దాళ్వా పంట కోతలప్పుడు సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. అన్నిటికీ అది అరిచేది. ముందు టింగుమనేది, ఆ తర్వాత ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో అనేది. పక్కకి జరిగితే స్టీరింగు దానంతటది చేతిలోంచి గుంజేది.

ఒకసారి బాబుగారి భార్య అంతర్వేది గుడికి వెళ్తూ నన్ను తోడు రమ్మన్నారు. దారి పొడుగునా విన్నాను. కొబ్బరిచెట్టుకి టింగ్. "ఆయ్" అన్నారు నాన్న. ధాన్యపు రాశికి టింగ్. "ఆయ్." రోడ్డు పక్క గడ్డికి టింగ్. "ఆయ్."

ఆవిడ నవ్వుతూ "ఏవయ్యా, బండిక్కూడా ఆయేనా?" అన్నారు.

"ఆడమనిషి గొంతండి. పలక్కపోతే బాగోదండి" అన్నారు నాన్న.

ఆవిడ ఇంకా నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లలో ఒక కోడిపిల్లని కూడా తొక్కని మనిషిని ఒక యంత్రం అడుగడుక్కీ గద్దిస్తుంటే చూడలేకపోయాను. ఇంటికొచ్చాక నాన్న చేతులు చూసుకుంటూ "నా చెయ్యి పట్టుకుని లాగేస్తందమ్మా అది. నాకు నడపడం రాదన్నట్టు" అన్నారు. ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది.

తర్వాతి ఆదివారం నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి బాబుగారింటికి వెళ్లాను. నాన్న పంపు దగ్గర బకెట్ నింపుతున్నారు. నేను డ్రైవరు సీట్లో కూర్చుని తెర మీద వెతికాను. పిల్లలకి రోజూ నేర్పే విద్యే కదా. పక్కన ఏదన్నా ఉంటే అరిచేదొకటి, స్టీరింగు గుంజేదొకటి, ఆ ఆడగొంతు ఒకటి. మూడూ ఆపేశాను. నిజంగానే ఆపాలా అని ప్రతిసారీ తెర అడిగింది. అవునని నొక్కాను. నాన్నకి చెప్పలేదు. కూతురు సాయం చేస్తే తప్ప బండి నడపలేకపోయానని ఆయన అనుకోకూడదని.

నాలుగు రోజులకి నాన్న సంబరంగా వచ్చారు. "చూసేవా అమ్మా, బండి నాకు అలవాటైపోయింది. బాబుగారు కూడా అడిగేరు, అరవట్లేదేంటయ్యా అని. నా చెయ్యి దానికి తెలిసిపోయిందండీ అన్నాను." అమ్మ ఆ రోజు సేమ్యా పాయసం చేసింది. నేను రెండు గిన్నెలు తిన్నాను.

ఆ ఏడాదిలో నాన్న ఎడమ పక్కనున్న మంచినీళ్ల గ్లాసు నాలుగైదుసార్లు తన్నేశారు. గుమ్మానికి భుజం కొట్టుకున్నారు. పెద్ద బండి నడిపీ నడిపీ చిన్నవి ఆనడం లేదని నేనే వేళాకోళం చేశాను. ఆయనా నవ్వారు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఒక మధ్యాహ్నం గట్టు మీద ఒకావిడ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఎడమ పక్కగా నడిచి వెళ్తోంది. బండి అద్దం మోపుకి తగిలింది. ఆవిడ మోపుతో సహా కాలవ వాలులో పడింది. గడ్డి మీద పడింది కాబట్టి మోచెయ్యి గీసుకుపోయి ఊరుకుంది. బాబుగారే దిగి ఆవిడని లేపి, అదే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించారు. బండి ఆయనే నడిపారట. నాన్న వెనక సీట్లో ఆవిడ పక్కన కూర్చున్నారట.

సాయంత్రం ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. "ఆవిడ అక్కడ లేదమ్మా" అన్నారు. "ఒట్టు. రోడ్డు ఖాళీగా ఉంది." ఎన్నిసార్లు అడిగినా అదే మాట. మా నాన్న అబద్ధం చెప్పరు. అది తెలుసు కాబట్టే నాకు భయం వేసింది.

రాజమండ్రి కంటి ఆసుపత్రిలో చీకటి గదిలో కూర్చోబెట్టి, దీపం చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఎడమ పక్కన చుక్కలు వస్తూ పోతూ ఉన్నా నాన్న నొక్కలేదు. నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు డాక్టరుగారు. నొప్పి లేకుండా పక్క చూపు తినేస్తుందట. పోయింది రాదు, మిగిలింది చుక్కల మందుతో కాపాడుకోవాలి. "పక్కన మనుషులు కనపడకపోవడం ఇంతకు ముందు ఎవరూ గమనించలేదా? ఏడాది కిందట వచ్చుంటే చాలా మిగిలేదండి" అన్నారు.

గమనించినది ఒకటుంది. దాని నోరు నేను నొక్కేశాను.

నాన్నా పులి కథ పిల్లలందరికీ చెబుతాం. ఆ కథలో పిల్లవాడు అబద్ధాలాడాడు. ఆ బండి ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. చెట్టుందంటే చెట్టుంది, గడ్డుందంటే గడ్డుంది. మరీ అన్ని నిజాలు చెప్పింది. పదిమంది ఒక్కసారే మాట్లాడే ఇంట్లో ముసలావిడ దగ్గు ఎవరికి వినపడుతుంది? ఆ దీపాలూ ఆ నడుం పిసకడాలూ మానేసి, గడ్డికి నోరు మూసుకుని, మనిషికి మాత్రమే అరిచే బండి అమ్మి ఉంటే నేను దాని జోలికి వెళ్లేదాన్ని కాదు. ఇప్పటికీ అంతే అంటాను. కానీ ఎంత అన్నా ఆ మూడుసార్లు అవునని నొక్కిన వేలు నాదే. ఏడుపు వచ్చినప్పుడల్లా ఆ వేలే చూసుకుంటాను.

నాన్న మర్నాడే వెళ్లి బండి కడిగి, తుడిచి, తాళం ఇచ్చేశారు. కొత్త డ్రైవర్ని పెట్టుకునే ముందు బాబుగారు నాన్ననే అడిగారట, ఎవరైతే బాగుంటారని.

ఇప్పుడు పొద్దున్నే ఇద్దరం గట్టు మీద నడుస్తాం. నేను ఎప్పుడూ ఆయనకి ఎడమ పక్కనే ఉంటాను.

"సైకిలు వస్తోంది నాన్నా."

"ఆయ్" అని నిలబడిపోతారు. అది దాటిందని నేను చెప్పేదాకా కదలరు. ఇదివరకు ఎప్పుడూ ఇలా విన్న మనిషి కాదు.

మొన్న ఆ బండి కొత్త డ్రైవరుతో మా పక్కనుంచే మెల్లగా వెళ్లింది. నాన్న ఆ చప్పుడు గుర్తుపట్టి అది పోయిన వైపు తల తిప్పారు.

"ఒక్కటే అర్థం కాదమ్మా నాకు. మొదట్లో చెట్టుకీ పుట్టకీ అరిచేదా, తీరా మనిషి అడ్డమొచ్చినప్పుడు ఎందుకు ఊరుకుందంటావు? నా మీద దానికంత నమ్మకం కుదిరిపోయిందేమో."

చెప్పెయ్యాలనే నోరు తెరిచాను.

"అయ్యుంటుంది నాన్నా" అన్నాను.

నాన్న కాసేపు నడిచారు. తర్వాత "ఆయ్" అన్నారు.