కుర్చీలోంచి లేవని అధ్యక్షుడు

సైన్యంలో ఉన్నన్నాళ్లూ లారీలు నడిపాడు కాబట్టి అందరికీ ఆయన లారీ బాబాయి. అరవై దాటాక ప్రభుత్వం ఆయన్ని మాజీ సైనికుల సేవా శాఖ పర్యవేక్షణ మండలికి అధ్యక్షుణ్ణి చేసింది. శాఖను నడిపేది డైరెక్టరు, ఆయన్ని నిలదీసి అడగాల్సింది మండలి. తీరా చూస్తే ఆ డైరెక్టరు ఒకప్పుడు బాబాయికి కెప్టెన్. మిగతా సభ్యులూ ఆ కెప్టెన్ కింద పనిచేసినవాళ్లే. ఆయన గుమ్మంలో కనబడగానే అందరూ చటుక్కున లేచి నిలబడేవారు. "ఏమైనా సందేహాలా?" అంటే "లేవు సార్" అని గంగిరెద్దుల్లా తలలూపేవారు. ఈమాత్రం పర్యవేక్షణకు కుర్చీలు కూడా దండగే.

మొన్న డైరెక్టరు ఆసుపత్రి వ్యాను ఎత్తేస్తున్నానన్నాడు. డ్రైవరు మానేశాడు, కొత్తవాణ్ణి వెతకడం తలనొప్పట. బాబాయి "సరే సార్" అనేసి ఇంటికొచ్చాడు.

ఆయన బావమరిది కూడా మాజీ సైనికుడే. కిడ్నీలు పాడై అక్క దగ్గరే ఉంటూ, ఆ వ్యానులోనే డయాలసిస్‌కు వెళ్లొస్తాడు. బస్సెక్కే ఓపిక లేదు.

"ఎందుకు తీసేస్తున్నారని అడిగారా?" అంది భార్య.

"ఆయన మా కెప్టెనే."

"అది అప్పుడు. ఇప్పుడు అడగాల్సింది మీరు, చెప్పాల్సింది ఆయన."

మంచం మీద బావమరిది నవ్వాడు. "బాంబులు పడుతుంటే లారీ తోలావు గానీ బావా, ఆయన మీసం చూస్తే నీకు బ్రేకులు పడిపోతాయి."

బాబాయికి సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా, ఈ నవ్వే మనిషి దక్కడేమోనని భయమేసింది.

తర్వాతి సమావేశంలో డైరెక్టరు గుమ్మంలోకి రాగానే సభ్యులు లేవబోయారు. బాబాయి మోకాళ్లూ వాటంతటవే లేవబోయాయి. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. సగం లేచినవాళ్లు ఆయన వంక చూసి, ఒక్కొక్కరే మళ్లీ కూలబడ్డారు. డైరెక్టరు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"వ్యాను ఎవర్నడిగి తీసేస్తున్నారు సార్?" అనడిగాడు. సార్ మాత్రం వదల్లేకపోయాడు.

"మీకు చెప్పాను కదా."

"చెప్పారు, అడగలేదు. అందులో మా బావమరిదీ వెళ్తాడు, అందుకని నేను ఓటెయ్యను. మీరు చెప్పండయ్యా," అన్నాడు సభ్యుల వైపు తిరిగి.

ఓ మూల నుంచి, "మా వీధిలోనూ ఇద్దరున్నారు సార్," అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. వ్యాను ఉండాలని అందరూ చేతులెత్తారు.

"ఇన్నేళ్లూ మీరు సరే సార్ అంటుంటే, నేను చేసేదంతా బాగానే ఉందనుకున్నాను," అన్నాడు డైరెక్టరు నెమ్మదిగా. "డ్రైవరు దొరికేదాకా నా కారు డ్రైవరు వ్యాను నడుపుతాడు. నేను బస్సులో వస్తాను."

బాబాయి కళ్లు చెమర్చాయి.

"ఇంకేమైనా అడగాలా?" అన్నాడు డైరెక్టరు.

"చాలా ఉన్నాయి సార్. కూర్చోండి."