గూఢచారి వీపు

మా బావ మొహం మీలో ఎవరూ చూసి ఉండరు. వీపు మాత్రం చూసే ఉంటారు. ఏళ్ల తరబడి ఒకదాని వెనక ఒకటి వచ్చిన ఆ గూఢచారి సినిమాలున్నాయి కదా, ప్రతి సినిమా మొదట్లోనూ నల్లకోటు మనిషి ఒకడు పొడవాటి వరండాలో నడుచుకుంటూ వెళ్తాడు. మనకు వీపే కనిపిస్తుంది. చివర తలుపు దగ్గర ఆగి గిరుక్కున తిరుగుతాడు, హాలంతా ఈలలు. ఆ తిరిగిన మొహం హీరోది. అక్కడిదాకా నడిచిన వీపు మా బావది.

మేడల మీద నుంచి దూకిందీ, అద్దాలు పగలగొట్టుకుని బయటపడిందీ కూడా ఆయనే. మొదటి హీరోకి ఆయనే డూప్. ఆ మహానుభావుడు పొట్ట పెరిగి పక్కకి తప్పుకున్నాక, రెండో హీరో వస్తే ఆయనకీ మా బావే. స్టూడియోలో అందరూ ఆయన్ని 'వీపు' అనే పిలిచేవారు. "వీపు వచ్చిందా? టీ ఇవ్వండి" అనేవారు. వింటుంటే నాకు ఒళ్ళు మండేది. ఆయన మాత్రం నవ్వి టీ తాగేవాడు.

డూప్‌కి మొహం ఉండకూడదు. ఆ పనిలో మొదటి పాఠం అదే. కొత్తలో ఒక పత్రికవాడు, హీరో కోటులో ఉన్న మా బావని ఎదురుగా ఫోటో తీసి అచ్చేశాడు. దూకేది హీరో కాదని లోకానికి తెలిసిపోయింది. ఆ కోపంలో మొదటి హీరో సెట్లో అందరి ముందూ మా బావ చెంప పగలగొట్టాడు. అప్పటినుంచి కెమెరా తనవైపు చూస్తే చాలు, ఆయన మెడ దానంతటదే పక్కకి తిరిగిపోయేది. కూతురి పెళ్ళి ఆల్బమ్ మొత్తం వెతికినా పెళ్ళికూతురి తండ్రిది ఒక చెవి, కాస్త జుట్టు కనిపిస్తాయంతే. అది చూసి మా అక్క వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అక్కకంటే ఎక్కువ బాధపడింది ఆ కూతురే. బడిలో చదివే రోజుల్లో "సినిమాలో ఉన్నది మా నాన్నే" అంటే తోటిపిల్లలు "కోతలు కొయ్యకు, మీ నాన్న మొహం ఏదీ?" అని ఏడిపించేవారు. అబద్ధాలకోరు అన్న పేరు పడిపోయింది పిల్లకి. ఇంటికొచ్చి, "ఒక్కసారి, ఒకే ఒక్కసారి వెనక్కి తిరుగు నాన్నా" అని ఏడ్చేది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు.

తర్వాత రెండో హీరో కూడా ముసలాడయ్యాడు, ఆ సినిమాలు ఆగిపోయాయి. మా బావ మోకాళ్ళు అరిగి ఇంటిపట్టున పడ్డాడు. అంతా అయిపోయిందనుకుంటుంటే, కొత్త హీరోతో మళ్ళీ మొదలుపెడుతున్నారని కబురొచ్చింది. కండలు తిరిగిన కుర్రాడట, అన్నీ తనే దూకుతాడట, డూప్ అక్కర్లేదట. మంచిదే, దూకి చూడమనండి, అనుకున్నాను నేను. ఆ తర్వాత ఒకరోజు ఏకంగా డైరెక్టరే మా అక్కావాళ్ళింటికొచ్చి కూర్చున్నాడు.

"నేను చిన్నప్పటినుంచీ మీ నడక చూస్తూ పెరిగానండీ. ఈసారి మీ మొహం చూపిస్తాను. పాత గూఢచారి కుర్చీలో వీపు చూపిస్తూ కూర్చుని ఉంటాడు. కొత్త హీరో లోపలికొస్తాడు. మీరు తిరిగి, 'ఇక నీ వంతు' అంటారు. అంతే."

మా అక్క లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది. కూతురు ఫోన్లో కేక పెట్టింది, "నిజంగానా నాన్నా?" అని. సాయంత్రానికల్లా వీధి మొత్తానికి తెలుసు. మా అక్క నోట్లో మాట దాగిన రోజు ఏదీ లేదు.

షూటింగుకి తోడుగా నేను వెళ్ళాను. రిహార్సల్లో బావ అద్భుతంగా తిరిగాడు. ఆ చూపుకి నాకే ఒళ్ళు జలదరించింది. తర్వాత దీపాలు వేశారు, క్లాప్ కొట్టారు, కెమెరా నడిచింది. బావ తిరిగాడు. మెడ మాత్రం ఇంకాస్త ముందుకెళ్ళి గోడవైపు తిరిగిపోయింది.

"పర్లేదండీ, ఇంకోసారి" అన్నాడు డైరెక్టర్. ఇంకోసారీ అంతే. ఆ తర్వాతా అంతే. చెమటకి మేకప్ కరిగి మెడ మీదికి కారుతోంది. కొత్త హీరో మంచివాడే, దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "కెమెరా సంగతి మర్చిపోండి అంకుల్, నా కళ్ళలోకి చూడండి చాలు." ఆ మంచితనం చూస్తే నాకు ఇంకా కడుపు మండింది. కెమెరా ఆపేశామని అబద్ధం చెప్పి కూడా తీశారు. మనిషిని మోసం చేయగలిగారు గానీ మెడని చేయలేకపోయారు. వెనకాల అసిస్టెంట్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. వాళ్ళ నాన్నల వయసాయన!

చివరికి బావే అన్నాడు, "బాబూ, నావల్ల కాదు. వీపు వరకు నాది తీసుకోండి."

ఒక్క టేకులో అయిపోయింది. మొహానికి ఎవరో నాటకాలాయన్ని తెచ్చారు, మనకెవరికీ తెలియని మనిషి, గుబురు గడ్డం. ఇన్నాళ్ళూ పరాయివాళ్ళకి డూపుగా ఉన్న మనిషి, ఆ రోజు తన వేషానికే డూప్ అయ్యాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా మోకాలు మీద చెయ్యి వేశాడు. "మీ అక్కకి చెప్పకురా. నేనే చెప్తాను, వీలు చూసుకుని."

ఆ వీలు ఎప్పటికీ రాలేదు. సినిమా విడుదలైన రోజు మా అక్క వీధిలోవాళ్ళందరినీ వెంటేసుకుని హాలుకొచ్చింది. తెర మీద కుర్చీ కనబడింది, నల్లకోటు కనబడింది. "మా ఆయనే! ఇప్పుడు తిరుగుతారు చూడండి!" అని ముందు వరసకి కూడా వినిపించేలా అంది. సినిమా కోసమే వచ్చిన కూతురు, పక్కనే కూర్చున్న తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కుర్చీ తిరిగింది. గుబురు గడ్డం. హాలంతా ఈలలు. మా అక్క నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. నేను తల దించుకున్నాను.

బయట మెట్ల దగ్గర వాళ్ళ వీధి టైలరు భార్య అక్కని పట్టుకుంది. "మరి మీ ఆయన కనబళ్ళేదేంటండీ?"

మా అక్క ఒక్క క్షణం బావ మొహంలోకి చూసింది. "కనబడకపోవడమేంటి? ఆ గడ్డమాయనే! అంతా మేకప్పు. ముక్కు కూడా మార్చేశారు. నాకే గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది."

"అమ్మో! అస్సలు మీలా లేరు కదండీ!" అందావిడ బావతో. అందరూ చుట్టూ మూగారు. ఎవరో ఆయన భుజం తట్టారు. "ఆ మేకప్పుకి ఎంతసేపు పట్టిందండీ?"

నిజం చెప్పేస్తాడనే అనుకున్నాను. చెప్పెయ్ బావా, ఈ పీడ వదుల్తుంది అని మనసులోనే అరిచాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాటిందండీ" అన్నాడు.

అంతవరకూ పట్టుకునే ఉన్న తండ్రి చెయ్యి వదిలేసి, కూతురు ఒక్కతే బస్టాపు వైపు నడిచింది.