ఇనుపముక్క మీద బొటనవేలు

ఆ వర్క్‌షాపులో అడుగుపెట్టగానే ఎదురుగా ఒక బల్ల, బల్ల మీద ఒక గాజుపెట్టె, గాజుపెట్టెలో ఒక ఇనుపముక్క ఉంటాయి. ఆరువైపులా చదునుగా, అరచేతిలో ఇమిడేంత ముక్క. దాన్ని ఎవరూ వేలితో ముట్టుకోకూడదన్నది అక్కడి మొదటి నిబంధన. పదకొండింటికల్లా టీ రావాలన్నది రెండోది. ముప్పై ఏళ్లలో మొదటి నిబంధన ఒక్కసారీ తప్పలేదు. రెండోది రోజూ తప్పుతుంది.

కుట్టుమిషన్లకు, నీళ్ల మోటార్లకు కావలసిన చిన్నచిన్న భాగాలు చేసే ఆ షాపులో పదకొండుమంది పనిచేస్తారు. యజమానురాలిని అందరూ ఆకురాయక్క అంటారు. ఇనుమును అరగదీసే పనిముట్టు పేరు మనిషికెలా వచ్చిందని కొత్తవాళ్లు అడుగుతుంటారు. ఆమెతో బేరమాడి చూసినవాళ్లు మళ్లీ అడగరు.

ఆ పేరు రాకముందు ఆమెకు వేరే హోదా ఉండేది. అన్నయ్య ఇంట్లో ఆమె “ఖాళీగా ఉన్న మనిషి”. చరిత్రలో డిగ్రీ పుచ్చుకుని నాలుగేళ్లపాటు ఆ పదవిని నిర్వహించింది. ఖాళీగా ఉన్న మనిషికున్నంత పని ఇంకెవరికీ ఉండదు. గ్యాసుబండి వచ్చేదాకా వీధిగుమ్మంలో నిలబడాలి, పక్కింటివాళ్ల తాళంచెవి దాచాలి, పోస్టాఫీసు వరసలో మరొకరి చోటు కాయాలి. మధ్యమధ్య ఉద్యోగాలకు దరఖాస్తులు పంపాలి. “మీ దరఖాస్తు అందినది” అని నాలుగు కార్యాలయాలు జవాబిచ్చాయి. అంతకు మించి వాటిని ఇబ్బంది పెట్టడం ఆమెకు మర్యాద అనిపించలేదు.

అలాంటి రోజుల్లో పోస్టాఫీసు గోడమీద ఒక కాగితం కనిపించింది. నిరుద్యోగ యువతకు ఉచిత శిక్షణ, ఫిట్టరు పని, తొమ్మిది నెలలు. పక్కనే అంటించిన సబ్బు ప్రకటనకన్నా ఇదే చిన్నది. అందుకే నమ్మకం కలిగింది.

ఆ సాయంత్రం ఇంట్లో సభ జరిగింది.

“డిగ్రీ చదివి ఇనుము గీకుతావా?” అన్నాడు అన్నయ్య.

“గీకనివ్వండి. పొద్దుట పోయి సాయంత్రం రావడం కూడా ఒక ఉద్యోగమే,” అంది వదిన, అద్దం తుడుస్తూ. వదిన ఎప్పుడూ ఏదో ఒకటి తుడుస్తూనే ఉండేది. ఆ ఇంట్లో దుమ్ముకు రెండుపూటలా గండమే.

అన్నయ్య ఒప్పుకున్నాడు కాని షరతు పెట్టాడు. పిన్నికి ముగ్గురూ చంటిపిల్లలే. తోడు కావాలని ఏడాదిగా ఉత్తరాలు రాస్తోంది. శిక్షణలోంచి పంపించేస్తే మాత్రం మారుమాట లేకుండా పిన్ని ఇంటికి వెళ్లిపోవాలి. జీతం, సెలవు, పదవీ విరమణ ఏవీ లేని కొలువది. ఒకసారి చేరితే తిరిగి వచ్చే దారి ఉండదని ఆమెకు తెలుసు. సరేనంది.

శిక్షణ కేంద్రం అంటే పొడుగాటి రేకుల షెడ్డు. రెండు వరసల బల్లలు, ప్రతి బల్లకూ ఒక వైసు, అంటే ఇనుమును కదలకుండా పట్టివుంచే పెద్ద దవడ. షెడ్డు చివర ఒక తలుపు, తలుపు అవతల ఇనుమును గిరగిరా తిప్పుతూ చెక్కే లేతులూ, డ్రిల్లింగు మెషీన్లూ. అవి తిరిగే చప్పుడు వినపడేది గాని కంటికి కనపడేవి కావు. మొదటి మూడునెలల పరీక్ష నెగ్గినవాళ్లకే ఆ తలుపు. మిగతావాళ్లకు వీధి తలుపు.

పరీక్ష ఏమిటో మాస్టారు మొదటిరోజే చెప్పారు. తలా ఒక మొండి ఇనుపముక్క ఇచ్చారు. దాన్ని ఆకురాయితో చేత్తో గీసి, ఆరు ముఖాలూ చదునుచేసి, ప్రతి మూలా సరిగ్గా మట్టానికి తేవాలి. అన్ని వైపులా యాభై మిల్లీమీటర్లు ఉండాలి. వెంట్రుకవాసి తగ్గినా చెల్లదు, ఇంకో ముక్క ఇవ్వరు. కుర్చీకి మేకులు కొట్టి ఎరగని చరిత్ర పట్టభద్రురాలు దీన్నంతా నోటుబుక్కులో అందమైన దస్తూరితో రాసుకుంది.

మాస్టారు మాటలు ఖర్చుపెట్టే మనిషి కారు. ముక్కను తీసుకుని, దాని అంచుమీద మూలమట్టం నిలబెట్టి, కిటికీకేసి ఎత్తి చూసేవారు. ఇనుముకూ మట్టానికీ మధ్య సందుంటే వెలుతురు గీతలా కనిపిస్తుంది.

“వెలుతురొస్తోంది,” అని వెనక్కి ఇచ్చేసేవారు.

లోకంలో మరెక్కడైనా ఆ మాటకు జనం సంతోషిస్తారు. ఆ షెడ్డులో ఆ మాట వింటే ముప్పైమందికీ గుండె జారిపోయేది.

మొదటినెల ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. రెండోనెలలో అవి కాయలు కాశాయి. బలమంతా చేతుల్లోంచి కాదు, నడుములోంచి రావాలని, ఆకురాయి వెళ్లేటప్పుడే నొక్కాలి గాని వచ్చేటప్పుడు కాదని, ఆకురాయి పళ్లల్లో ఇనుపరజను ఇరుక్కోకుండా దానికి సుద్ద రాయాలని ఒళ్లు తనంతట తనే నేర్చుకుంది. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడే ఆ తీరు తర్వాత బస్సులో, పెళ్లి ఫోటోలో కూడా పోలేదు. సాయంత్రం జడ దులిపితే ఇనుపరజను రాలేది. వదిన చీపురు పట్టుకుని వెంటబడేది.

అయిదు ముఖాలు నెగ్గాయి. ఆరోది మాత్రం లొంగలేదు. దాని నడుమ పొట్టలా ఎత్తుగా ఉంది. ఎంత గీసినా ఆకురాయి ఆ పొట్టమీద పట్టు దొరక్క జారిపోయేది, పక్కల్లో మాత్రం కరిచేది. పక్కలు తగ్గినకొద్దీ పొట్ట ఇంకా పెరిగినట్టుండేది. ఆ దిగుల్లో ఆమె నాలుగు గీతలకొకసారి ఆగి, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు, ఆ ముఖాన్ని బొటనవేలితో నిమిరి చూసుకునేది.

పక్క బల్ల కుర్రాణ్ని అందరూ కండక్టరనేవారు. బస్సు కండక్టరు ఉద్యోగానికి మూడుసార్లు ఇంటర్వ్యూకు వెళ్లి మూడుసార్లూ దిగిపోయి వచ్చాడు.

“డిగ్రీగారూ, అట్లా నిమిరితే నిద్రపోతుందేమోనండీ,” అన్నాడు.

“నీ ముక్క సంగతి చూసుకో.”

“నాది చూసే ఏడుపొచ్చి మీదాన్ని చూస్తున్నా.”

పరీక్షకు ముందురోజు కొలిచి చూస్తే యాభైకి పైన మిగిలింది ఒక వెంట్రుకంత. పొట్ట అలాగే ఉంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అన్నయ్య ఆమె పెట్టెను అటకమీంచి దింపించి ఉంచాడు. కోపంతో కాదు. తీరిక ఉన్నప్పుడు దింపితే మంచిదని.

ఆమె ముఖం కడుక్కుని, అద్దం ముందు నిలబడి, చెంపమీద రజను ఉందేమోనని అద్దానికి వేలు ఆనించి చూసుకుంది.

“వేలు పెట్టకమ్మడూ. ఇప్పుడే తుడిచా. చేతి జిడ్డు అంటుకుంటే గుడ్డ జారిపోతుందే గాని మరక వదలదు,” అంది వదిన.

ఆమె అలాగే నిలబడిపోయింది. అద్దంమీద బొటనవేలి ముద్ర తెల్లగా కనిపిస్తోంది.

“వదినా, మళ్లీ చెప్పు.”

“ఏం చెప్పను? నెలకు ముప్పైసార్లు చెప్తూనే ఉన్నాగా.”

మర్నాడు అందరికన్నా ముందు షెడ్డుకు వెళ్లింది. ఆ ముఖాన్ని పొడిగుడ్డతో తుడిచింది, ఆకురాయికి సుద్ద రాసింది, కుడి బొటనవేలిని చున్నీ కొసలో ముడివేసి బంధించింది. అప్పుడు గీసింది. మూడునెలల్లో మొదటిసారి ఆకురాయి పొట్టమీద జారకుండా కరిచింది. ఆ చప్పుడే వేరు. అప్పుడే వచ్చి పక్కబల్ల దగ్గర నిలబడ్డ కండక్టరు కూడా తలెత్తి చూశాడు. నాలుగు గీతలు గీసింది. అయిదోది గీస్తే ముక్క చెల్లకపోవచ్చు. చెయ్యి అయిదోదానికి సిద్ధంగా ఉంది. ఆమె ఆకురాయిని బల్లమీద పెట్టేసి వెనక్కి చేతులు కట్టుకుంది.

మాస్టారు కొలిచారు. సరిగ్గా యాభై. మూలమట్టం ఆనించి కిటికీకేసి ఎత్తారు. ఒక మూల చూశారు, రెండో మూల చూశారు, పొట్ట ఉన్న చోట చాలాసేపు చూశారు.

“చీకటి,” అన్నారు.

ఆయన జీవితంలో ఇచ్చిన మెప్పులన్నీ ఆ ఒక్క మాటలోనే ఉండేవి.

ఆమె నోట వచ్చింది మాత్రం నిష్ఠూరమే. “గీసే చోట వేలు పెడితే ఆకురాయి జారుతుందని ఎందుకు చెప్పలేదు మాస్టారూ?”

“చెప్పానమ్మా. మొదటిరోజే. నువ్వప్పుడు నోటుబుక్కు మీద ఒళ్లు మరిచి రాస్తున్నావు.”

ఇంటికి వెళ్లాక చూసుకుంది. మూడోపేజీలో గుండ్రటి అక్షరాలతో ఉంది: గీసిన ముఖాన్ని ముట్టరాదు. కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి.

“ఇక ముట్టుకోవచ్చు. పనయిపోయింది,” అన్నారు మాస్టారు ఆ పూట షెడ్డులోనే, ముక్కను ఆమె చేతిలో పెడుతూ. ఆమె చున్నీ ముడి విప్పి, ఆ ఆరో ముఖంమీద బొటనవేలిని గట్టిగా, తీరిగ్గా ఆనించింది. మూడునెలల చెమటా ఆ వేలిలోనే ఉంది. తర్వాత షెడ్డు చివరి తలుపు తోసుకుని మెషీన్ల వైపు నడిచింది. కండక్టరు సాయంత్రానికి వచ్చి కలిశాడు, అతనిదీ చీకటే. పెట్టె మళ్లీ అటకెక్కింది. పిన్నికి ఎవరో దూరపుబంధువు దొరికిందట.

ఆ తర్వాతి సంగతులు కొలతల్లో చెప్పాలంటే చెప్పవచ్చు. ఒక కర్మాగారంలో ఏడేళ్లు, తర్వాత ఒక పాత లేతుతో సొంత షాపు, తర్వాత ఇంకో లేతు. కండక్టరు ఇప్పుడు అక్కడ మేస్త్రీ. అన్నయ్య ఆఫీసు మూతపడ్డ ఏడాది, ఇనుము గీకడమంటే ఏమిటో దగ్గరగా చూద్దామన్నట్టుగా వచ్చి బిల్లుల బల్ల ముందు కూర్చున్నాడు. మాస్టారు పోయారు. రేకుల షెడ్డు ఇప్పటికీ ఉంది, గోడమీద కాగితం కూడా కొత్తది అంటిస్తున్నారట. అదీ చిన్నదే. ఆకురాయక్క ఏటా అక్కడినుంచి ఇద్దర్ని తెచ్చుకుంటుంది. వాళ్ల నోటుబుక్కులు చూడదు, బొటనవేళ్లు చూస్తుంది.

చేతి చెమట ఇనుముకు పడదు. పరీక్షనాడు వేసిన ముద్ర ఆ వారమే ఎర్రగా తుప్పుదేలింది. ముక్క ఆరో ముఖంమీద, సుడులు తిరిగిన గీతలతో, చరిత్ర పట్టభద్రురాలి వేలిముద్ర ఈ రోజుకీ చెక్కుచెదరకుండా ఉంది. డిగ్రీ పట్టామీద సిరాతో రాసిన ఆమె పేరు మాత్రం చాలాకాలం కిందటే వెలిసిపోయింది.

“గరుకు కాగితం పెట్టి రెండు రుద్దులు రుద్దితే ఆ మరక పోతుంది కదండీ,” అన్నాడు మొన్న షాపు చూడవచ్చిన పెద్దమనిషి ఒకాయన, గాజుపెట్టె మూత మీద చెయ్యివేస్తూ.

వదినకు డెబ్బై దాటాయి. రోజూ పదింటికి తన గుడ్డ తనే తెచ్చుకుని షాపుకు వస్తుంది. బల్లలు, కిటికీలు, ఆ గాజుపెట్టె, లోపల ఇనుపముక్క అయిదు ముఖాలూ తుడుస్తుంది. ఆరో ముఖం దగ్గర గుడ్డ ఆగిపోతుంది.

“వేలు పెట్టకండి బాబూ,” అంది వదిన. “అది మరక కాదు.”